పది ఛానళ్ల మిక్సర్... రెండే ట్రాకులు!

‘‘ఇంట్లో మిక్సీ బాగానే తిరుగుతోందిగా, మళ్లీ ఇదెందుకురా?’’

అట్టపెట్టె విప్పుతున్న మనవణ్ని చూసి అమ్మమ్మ అడిగిన మాట అది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వడానికి బాగానే ఉంది కానీ, ఆ పెట్టె చుట్టూ ఆ ఇంటి ఆశ చాలానే ఉంది. తెనాలిలో ఓ మామూలు కుటుంబం. ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి ఓ ఆలోచన వచ్చింది. అమ్మమ్మకు నలుగు పాటల నుంచి అప్పగింతల పాటల దాకా నోటికి వచ్చు. ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఆమె పాడుతుంటే బళ్లారి నుంచి వచ్చే చిన్నమ్మమ్మ అందుకుంటుంది. పక్కవీధి మాస్టారు హార్మోనియం పట్టుకొస్తారు. పిల్లలు తాళాలు వేస్తారు. ఇదంతా ఇంట్లోనే శుభ్రంగా రికార్డు చేసి, దాచిపెట్టుకుంటే?

నాన్న కాదనలేదు. పాడుకున్న చిట్టీ డబ్బుల్లోంచి 20 వేలు తీసిచ్చారు. తండ్రీకొడుకులిద్దరూ విజయవాడ వెళ్లి, ఓ దుకాణంలో ‘పది ఛానళ్ల యూఎస్‌బీ మిక్సర్’, నాలుగు మైకులు, వైర్లు కొనుక్కొచ్చారు. ‘‘పది ఛానళ్లండీ, కంప్యూటర్‌కి పెట్టుకోవడమే’’ అన్నాడు దుకాణం కుర్రాడు. అన్నది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

వేసవిలో రెండు రోజులు కూర్చుని పదకొండు పాటలు పాడారు. మూడో రోజు కంప్యూటర్‌లో తెరిచి చూస్తే... ఉండాల్సిన నాలుగు ట్రాకుల స్థానంలో రెండే గీతలు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. రెండింటిలోనూ ఒకటే కలగూరగంప! హార్మోనియం హోరులో అమ్మమ్మ గొంతు మునిగిపోయింది. హార్మోనియం తగ్గిద్దామంటే గొంతూ తగ్గుతోంది. మళ్లీ పాడిద్దామంటే, అప్పటికే చిన్నమ్మమ్మ బళ్లారి రైలెక్కేసింది.

పులిహోరలో పసుపు

అక్కడ జరిగిన పొరపాటేమిటి? మైకుల్లో తప్పు లేదు. మిక్సర్ చెడిపోలేదు. అది తన పని తాను చక్కగా చేసింది. దాని పేరే మిక్సర్. నాలుగు దారుల్లో వచ్చిన ధ్వనిని కలిపి, రెండు దారుల్లో బయటికి పంపడమే దాని పని. గుడిలో భజనకో, పెళ్లి పందిట్లో స్పీకర్లకో కావాల్సింది అదే. కానీ పులిహోర కలిపాక ‘కాస్త పసుపు ఎక్కువైంది, వెనక్కి తీయమ్మా’ అంటే ఎవరు తీయగలరు?

మల్టీట్రాక్ రికార్డింగ్ అంటే కలపకుండా గిన్నెలు వేరువేరుగా ఉంచుకోవడం. ప్రతి గొంతుకూ, ప్రతి వాద్యానికీ విడివిడిగా ఒక్కో ట్రాకు. ఆ తర్వాత తీరిగ్గా ఒకదాన్ని పెంచుకోవచ్చు, ఒకదాన్ని తగ్గించుకోవచ్చు, ఒక్క తాళం తప్పితే ఆ తాళాన్నే మళ్లీ వేయించుకోవచ్చు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో గాయకుడూ, వాద్యబృందమూ అంతా ఒకేసారి రికార్డు చేసేవారు. ఎవరో ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆ బాధ తప్పించిందే మల్టీట్రాక్.

అమెరికా గిటారిస్టు లెస్ పాల్ ఒకడే అన్ని వాద్యభాగాలూ ఒకదాని మీద ఒకటి రికార్డు చేసి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. 1957లో ఆంపెక్స్ కంపెనీ అతని కోసం ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం చేసిచ్చింది. బీటిల్స్ బృందం 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను లండన్‌లో నాలుగు ట్రాకుల యంత్రాల మీదే చేసింది. 1979లో టియాక్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు పట్టే ‘పోర్టాస్టూడియో’ను తెచ్చాక ఈ విద్య ఇళ్లలోకి వచ్చేసింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ పాటలు ఇంట్లో అలాంటి పెట్టె మీద రికార్డు చేసుకున్నవే. స్టూడియోలో బృందంతో మళ్లీ ప్రయత్నించినా, చివరికి ఆ ఇంటి రికార్డింగునే బయటికి తెచ్చాడు. నాలుగు ట్రాకులు చిన్న సంగతేం కాదన్నమాట!

అట్టపెట్టె మీద అసలు అంకె

ఇంతకీ కొనేటప్పుడు చూడాల్సిందేమిటి? మిక్సర్ మీద పెద్దక్షరాల్లో రాసే ఛానళ్ల అంకెను నమ్ముకోవడమే మొదటి తప్పు. ఉదాహరణకు యమహా ఎంజీ10ఎక్స్‌యూ మంచి మిక్సర్. పేరులోనే పది ఉంది. కానీ మైకులు పెట్టుకోగలిగేది నాలుగే. మిగతావి కీబోర్డు, ఫోను లాంటి వాటి కోసం జతలు జతలుగా ఉండే స్టీరియో ఛానళ్లు. సరే, ఆ నాలుగు మైకులైనా కంప్యూటర్‌లోకి విడివిడిగా వెళ్తాయా అంటే... వెళ్లవు. యూఎస్‌బీ ద్వారా వెళ్లేది కలిపేసిన రెండు దారులే. ఇందులో కంపెనీ దాచిందేమీ లేదు. వివరాల కాగితంలో ‘2 ఇన్ 2 అవుట్’ అని స్పష్టంగానే ఉంటుంది. ఆ కాగితం చదివేవాళ్లే తక్కువ.

ఇంకా తమాషా సౌండ్‌క్రాఫ్ట్ వారి సిగ్నేచర్ శ్రేణిది. ‘సిగ్నేచర్ 12’, ‘సిగ్నేచర్ 12 ఎంటీకే’ అని రెండు వచ్చాయి. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. మొదటిది కంప్యూటర్‌కు రెండే ఛానళ్లు పంపుతుంది. రెండోది పద్నాలుగు! తేడా అంతా ఆ చివరి మూడక్షరాల్లోనే ఉంది. ఎంటీకే అంటే మల్టీట్రాక్. ‘అదీ ఇదీ ఒకటేనండీ, ఇదైతే తక్కువకొస్తుంది’ అని ఎవరైనా అంటే, తక్కువకు ఎందుకొస్తోందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కాబట్టి దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘‘ఒకేసారి కంప్యూటర్‌లోకి ఎన్ని ఛానళ్లు వేర్వేరుగా వెళ్తాయి?’’ దీనికి అవతలివాళ్లు తడబడితే, కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ వివరాలు అక్కడే తెరిపించి చూడాలి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. డబ్బు మనది.

యూఎస్‌బీ సాకెట్లోనూ ఇంకో మెలిక ఉంది. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల చవగ్గా దొరికే కొన్ని మిక్సర్లకు యూఎస్‌బీ, బ్లూటూత్ అన్నీ ఉంటాయి. అయితే ఆ యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వేసుకోవడానికి మాత్రమే. గుడిలో సుప్రభాతానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం ఒక్క ఛానల్ కూడా పంపదు. పెన్‌డ్రైవ్ పట్టే బల్లపరుపు సాకెట్ ఒక్కటే ఉందంటే అనుమానించాల్సిందే. కంప్యూటర్‌తో కలిపే వాటికి ఎక్కువగా ప్రింటర్లకు ఉండే లాంటి చదరపు సాకెట్ ఉంటుంది. కొత్తవాటిలో ఫోన్‌చార్జర్ మాదిరి టైప్-సి వస్తోంది.

పాతవి కొనేవాళ్లు మరో సాకెట్ దగ్గర జాగ్రత్త పడాలి. 2000ల నడుమ వచ్చిన కొన్ని మిక్సర్లు నిజంగానే ఒక్కో ఛానల్‌నూ వేరుగా పంపేవి. కానీ ఫైర్‌వైర్ అనే సాకెట్ ద్వారా. ఇప్పటి ల్యాప్‌టాపులకు ఆ సాకెట్టే ఉండదు. సగం ధరకు వస్తోందని సంబరపడి తెచ్చుకుంటే, బల్ల మీద బరువుకు తప్ప ఎందుకూ అక్కరకు రాదు.

అసలు మిక్సర్ కావాలా?

ఇది చాలామంది వేసుకోని ప్రశ్న. నిజానికి దీన్నుంచే మొదలుపెట్టాలి. పూర్వం ట్రాకులు తక్కువ కాబట్టి, ముందే కలిపి టేపుకు ఎక్కించడానికి మిక్సర్ తప్పనిసరి అయింది. ఇప్పుడు కలిపే పని కంప్యూటరే చేస్తోంది. కావాల్సింది మైకు ధ్వనిని శుభ్రంగా లోపలికి చేర్చే పరికరం మాత్రమే. దాన్నే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు.

ఒకేసారి ఎంతమంది పాడతారు, వాయిస్తారు అన్నదాన్ని బట్టి ఖర్చు తేలుతుంది. ఒక్కరే పాడుకుని, ఆ తర్వాత తామే గిటారో కీబోర్డో వాయించుకునేవాళ్లకు రెండు మైకులు పట్టే ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటిది చాలు. ఒక్కొక్కటీ విడివిడిగా రికార్డు చేసుకుంటూ పోతే, ఆ రెండు దారుల మీదుగానే ఇరవై ట్రాకులైనా పేర్చుకోవచ్చు. నలుగురు ఒకేసారి కూర్చుంటే నాలుగు మైకుల బెరింగర్ యూఎంసీ404హెచ్‌డీ లాంటివి ఉన్నాయి. తక్కువ ఖర్చులో నిజమైన నాలుగు ట్రాకులు కావాలంటే చాలా ఇళ్లకు ఇదే తగిన దారి. చూడ్డానికి చిన్న డబ్బా. బోలెడు గుండీలు, వరసగా జారే ఫేడర్లు ఉండవు. ఆ హంగు లేకపోవడం వల్లే కాబోలు, నాన్నలకు అంత డబ్బు పెట్టబుద్ధి కాదు!

మరి మిక్సర్ ఎవరికి? వారంవారం భజన చేసే బృందాలకు. అదే పెట్టెతో వేదిక మీద స్పీకర్లూ నడవాలి, అదే సమయంలో విడివిడి ట్రాకులూ కావాలి అనుకునేవాళ్లకు. వాళ్లు మల్టీట్రాక్ మిక్సర్‌కే వెళ్లాలి. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8, టాస్కామ్ మోడల్ 12 ఈ కోవలోవి. రెండూ కంప్యూటర్ లేకుండానే ఎస్‌డీ కార్డు మీద ఒకేసారి పన్నెండు ట్రాకులు రాసుకుంటాయి. కరెంటు, ల్యాప్‌టాపు, డ్రైవరు అంటూ హైరానా పడేవాళ్లకు ఇది పెద్ద వరం. కాకపోతే ధర కూడా వరానికి తగ్గట్టే ఉంటుంది. నలుగురూ తలాకొంత వేసుకుని కొనాల్సిన వస్తువులివి.

చోటు గురించీ ఓ మాట. 24 బిట్ నాణ్యతతో ఒక్క ట్రాకు నిమిషానికి సుమారు 8 ఎంబీ తింటుంది. ఎనిమిది ట్రాకులు గంటసేపు నడిస్తే 4 జీబీకి కాస్త తక్కువ. ఇప్పటి హార్డ్‌డిస్కులకు ఇదో లెక్క కాదు. సాఫ్ట్‌వేర్‌కూ వేలు పోయక్కర్లేదు. ఆడాసిటీ ఉచితం. అయితే విండోస్‌లో ఒకేసారి నాలుగైదు ట్రాకులు తీసుకోవడం అన్ని పరికరాలతోనూ దాని వల్ల కాదు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. నచ్చితే సొంత వాడకానికి 60 డాలర్లు కట్టాలి.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలంటే మైకు మీద. కండెన్సర్ మైకు సున్నితం. దానికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. అది గొంతులోని వణుకునూ పడుతుంది, ఫ్యాను గాలినీ పడుతుంది, పక్కింటి కుక్కర్ విజిల్‌నూ వదలదు. స్టూడియోలా మూసిన గది లేని మన ఇళ్లకు డైనమిక్ మైకే నయం. ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, నోటికి దగ్గరగా పెట్టుకుంటే వీధి గోల పెద్దగా వినపడదు. 1966 నుంచీ వేదికల మీద కనిపించే షూర్ ఎస్ఎం58 ఈ రకమే. ఇక ఫ్యాను మాత్రం ఏ మైకు పెట్టినా ఆపాల్సిందే. మే నెలలో తెనాలిలో ఈ మాట చెప్పడం తేలికే, పాటించడమే కష్టం.

సంక్రాంతికి మళ్లీ...

తెనాలి కుర్రాడి సంగతి మధ్యలో ఆగింది. మిక్సర్ వెనక్కి తీసుకోమంటే దుకాణంవాళ్లు కుదరదన్నారు. వాడేశారు కదా అన్నది వాళ్ల వాదన. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే కుర్రాణ్ని ఎక్కువ బాధించింది.

గొంతును వాద్యాల నుంచి విడదీసే సాఫ్ట్‌వేర్లు ఈమధ్య వచ్చాయి. వేసవి పాటల మీద వాటినీ ప్రయోగించాడు. హార్మోనియం కొంత తగ్గింది. కానీ అక్కాచెల్లెళ్ల గొంతులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోలేదు. పైగా అక్కడక్కడా నీళ్లలోంచి పాడుతున్నట్టు వచ్చింది. ఇక చేసేదిలేక ఆ మిక్సర్‌తో వచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. కొన్న నాడు చేయాల్సిన పని, ఐదు నెలలకు చేశాడు.

అందులో దొరికింది ఉపాయం. ప్రతి ఛానల్‌కూ ‘ప్యాన్’ అని ఓ గుండీ ఉంటుంది. ధ్వనిని ఎడమకో కుడికో జరిపేది అదే. దాన్ని ఒక మైకుకు పూర్తిగా ఎడమకు, ఇంకో మైకుకు పూర్తిగా కుడికి తిప్పేస్తే? కంప్యూటర్‌కు వెళ్లే రెండు దారుల్లో ఒకటి పూర్తిగా మొదటి మైకుది, రెండోది పూర్తిగా రెండో మైకుది అవుతాయి. అంటే రెండు దారుల మిక్సర్ కూడా ఒకేసారి రెండు విడి ట్రాకులు ఇస్తుంది! అంతకుమించి ఇవ్వదు. కానీ రెండు ఇస్తుంది. ఇప్పటికే ఇలాంటి మిక్సర్ కొనేసి బాధపడుతున్నవాళ్లు పైసా ఖర్చు లేకుండా వెంటనే ప్రయత్నించవచ్చు.

సంక్రాంతికి చిన్నమ్మమ్మ వచ్చింది. ఈసారి అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టలేదు. అక్కాచెల్లెళ్లిద్దరినీ ఎదురెదురుగా, కాస్త ఎడంగా కూర్చోబెట్టాడు. ఒక మైకు ఎడమకు, ఒకటి కుడికి. శ్రుతి కోసం ఫోన్లో శ్రుతిపెట్టె పెట్టి, సన్నగా వినబడేలా దూరంగా ఉంచాడు. హార్మోనియం లేకుండా ఎలా పాడతామని ఇద్దరూ మొదట గునిశారు. ‘‘మీ పెళ్లిళ్లలో హార్మోనియం ఉందా అమ్మమ్మా?’’ అని అడిగాడు. లేదు. దాంతో ఆ గొడవ తేలిపోయింది.

మర్నాడు మాస్టారి వంతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డయిన పాట వింటూ హార్మోనియం వాయించారు. బాగా కుదిరింది. తీరా వింటే ఆ కొత్త ట్రాకులో హార్మోనియంతోపాటు గొంతులు కూడా మళ్లీ ఎక్కేశాయి! ఇది యూఎస్‌బీ మిక్సర్లతో చాలామందికి ఎదురయ్యే చిక్కే. కంప్యూటర్ నుంచి వినడానికి వచ్చే పాట కూడా మిక్సర్‌లో కలిసిపోయి, తిరిగి రికార్డింగులోకి వెళ్లిపోతుంది. అలా జరక్కుండా, వచ్చిన పాటను హెడ్‌ఫోన్స్‌కే పంపే చిన్న స్విచ్ కొన్ని మిక్సర్లకు ఉంటుంది. అదృష్టం, దీనికి ఉంది. కొనేవాళ్లు ఇది కూడా అడిగి చూసుకోవడం మంచిది. మాస్టారు విసుక్కోకుండా మళ్లీ వాయించారు. ఆ సాయంత్రం పిల్లల తాళాలు. హెడ్‌ఫోన్స్ ఒకటే కాబట్టి పెద్దపిల్ల పెట్టుకుంది, మిగతావాళ్లు ఆమె చేతులు చూస్తూ వేశారు. అదే మిక్సర్, అవే మైకులు. ఒక్కో పాటకూ నాలుగు ట్రాకులు వేరువేరుగా వచ్చాయి. పండగ మూడు రోజుల్లో తొమ్మిది పాటలయ్యాయి. వేసవిలో పాడిన రెండు మాత్రం ఈసారి అమ్మమ్మకు గుర్తుకు రాలేదు. అవి ఆ హోరులోనే ఉండిపోయాయి.

రాత్రి అందరూ పడుకున్నాక కుర్రాడు ఒక్కో ట్రాకూ విడిగా విన్నాడు. అప్పగింతల పాటలో మూడో చరణం దగ్గర అమ్మమ్మ ఆగిపోయింది. ఆ సంగతి పాడేటప్పుడు ఎవరూ పెద్దగా గమనించలేదు. చిన్నమ్మమ్మ ట్రాకు ఒక్కటే పెట్టి వింటే తెలిసింది. అక్క మరిచిపోయిన మాటను ఆవిడ గుసగుసగా అందించింది. వెంటనే ఎడమ ట్రాకులో అమ్మమ్మ గొంతు ఆ మాటనే అందుకుని ముందుకు సాగింది.

మాస్టారు మర్నాడు అది విని, ‘‘ఆ గుసగుస తీసెయ్యవోయ్, రెండు సెకన్ల పనేగా’’ అన్నారు. నిజంగానే రెండు సెకన్ల పని. కుర్రాడు తీయలేదు. కాస్త సౌండు పెంచాడు.